ప్లాస్టిక్ స్కల్ మోడల్ రివ్యూ: రంధ్రాలున్నాయి, దారులే అన్నీ లేవు

స్కల్ మోడల్ కొనేవాళ్లు మామూలుగా చూసేది రంగు, పళ్ల వరస, దవడ స్ప్రింగులు సరిగ్గా ఉన్నాయా లేదా, అంతే. నేనైతే డబ్బా విప్పగానే దవడ తీసి పక్కన పెట్టి పుర్రెని తిరగేస్తా. ఎందుకంటే ఫస్టియర్ వాళ్లకి అసలు తలనొప్పి అంతా ఆ అడుగు భాగంలోనే ఉంది. 12 జతల క్రేనియల్ నరాలు (మెదడుకి సంబంధించిన నరాలు, 1 నుంచి 12 దాకా నంబర్లతో పిలుస్తారు), మెదడుకి రక్తం తెచ్చే ధమనులు, మెదడు నుంచి రక్తం తీసుకుపోయే సిరలు అన్నీ అక్కడున్న రంధ్రాల్లోంచే పోవాలి, వేరే దారి లేదు. కాబట్టి ఈ రివ్యూ మొత్తం రంధ్రాల గురించే రాస్తున్నా, అనాటమీ చదివేవాళ్లకి, చెప్పేవాళ్లకి పనికొస్తుందని.

నా లెక్క ఒకటే. రంధ్రం అంటే రెండు చివర్లుండాలి. ఇటు నుంచి దూరిందేదో అటు నుంచి బయటికి రావాలి. పుస్తకంలో బొమ్మ చూసి పేరు బట్టీ పట్టడానికి మోడల్ అక్కర్లేదు, బొమ్మ చాలు. మోడల్ ఎందుకు కొంటామంటే ఆ నరం ఎక్కడ లోపలికి పోయి ఎక్కడ తేలుతుందో చేత్తో పట్టుకుని తెలుసుకోడానికి. ఆ పని చెయ్యని మోడల్ ఎంత అందంగా ఉన్నా అది షెల్ఫులో పెట్టుకునే బొమ్మే.

ముందు పైపై సంగతులు తొందరగా చెప్పేస్తా. ఇది పెద్దమనిషి సైజు స్కల్, మూడు ముక్కలు: పైన టోపీలా ఊడొచ్చే భాగం, అడుగు భాగం, కింది దవడ. గట్టి ప్లాస్టిక్కే, బరువు బానే ఉంది, కొత్తలో కొంచెం వాసనొస్తుంది, కిటికీ దగ్గర పెడితే పోతుంది. టోపీకి చిన్న కొక్కేలున్నాయి, గట్టిగానే పట్టుకుంటాయి. దవడ స్ప్రింగులు మాత్రం బాగా బిగువు, దవడ తీసి పెట్టడం కష్టంగానే ఉంది, రోజూ తీసేవాళ్లయితే స్ప్రింగులు పీకేసి వాడుకోవడమే నయం. ఎముకల మీద నంబర్లు ప్రింట్ చేసి, వాటికి తగ్గ చిన్న పుస్తకం ఒకటి ఇచ్చారు, ఆ పుస్తకం సంగతి కింద విడిగా చెప్తా ఎందుకంటే దాంట్లో చెప్పాల్సింది చాలా ఉంది.

టెస్ట్ చెయ్యడానికి నేను వాడేవి రెండే, ప్లాస్టిక్ తొడుగున్న సన్నటి వైరు, ఫోన్ టార్చ్. వైరు దూరుతుందా, దూరితే ఎక్కడ తేలుతుంది, లైటు అటువైపు కనపడుతుందా, అంతే.

మొదట ఫొరామెన్ మాగ్నమ్, పుర్రె అడుగునున్న పెద్ద రంధ్రం (ఫొరామెన్ అంటే రంధ్రమే). ఇది ఏ మోడల్లోనైనా బానే ఉంటుంది, అంత పెద్దదాన్ని పాడు చెయ్యడం కష్టం. ముందు నుంచి వెనక్కి సుమారు 35 మిల్లీమీటర్లు, అడ్డంగా సుమారు 30 ఉండాలి, స్కేలు పెడితే దాదాపు అంతే వచ్చింది. మెడుల్లా (మెదడు కింది చివర) ఇక్కడి నుంచి కిందకి దిగి వెన్నుపాము అవుతుంది, రెండు వెర్టిబ్రల్ ధమనులు పైకి వస్తాయి, ఇది అందరికీ తెలిసిందే. చాలామంది వదిలేసేది యాక్సెసరీ నరం (11వది) స్పైనల్ రూట్, అంటే వెన్నుపాము వైపు వేరు. అది మెడలో వెన్నుపాము దగ్గర పుట్టి ఇందులోంచి పైకెక్కి, పుర్రెలోకొచ్చి, మళ్లీ జుగులర్ ఫొరామెన్ లోంచి బయటికి దిగిపోతుంది. ఒక రంధ్రంలో ఎక్కి ఇంకో రంధ్రంలో దిగే ఈ దారిని వైరుతో చూపిస్తే ఒక్క నిమిషంలో బుర్రకెక్కుతుంది, మాటల్లో చెప్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఈ మోడల్లో ఆ దారి చక్కగా వచ్చింది.

ఇక్కడే ఇంకో మాట. ఫొరామెన్ మాగ్నమ్ మనిషిలో పుర్రె అడుగున దాదాపు మధ్యకి వచ్చి ఉంటుంది, నాలుగు కాళ్ల జంతువుల్లో వెనక్కి ఉంటుంది. 1924లో దక్షిణాఫ్రికాలో దొరికిన టాంగ్ పిల్ల పుర్రెని (మనిషి పూర్వీకుల్లాంటి జీవిది) చూసి అనాటమీ ప్రొఫెసర్ రేమండ్ డార్ట్ 1925లో ఇది నిటారుగా నడిచిన జీవిదని వాదించడానికి ఒక ముఖ్యమైన ఆధారం ఈ రంధ్రం ఉన్న చోటే. కేవలం ఒక రంధ్రం ఎక్కడుందో చూసి జీవి ఎలా నిలబడిందో చెప్పొచ్చంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మోడల్ని ఆ వైపు నుంచి కూడా చూడండి, కాండైల్స్ (రంధ్రానికి రెండు పక్కలా ఉన్న, మెడ మొదటి పూస మీద ఆనే బుడిపెలు) మీద పుర్రె ఎలా బ్యాలెన్స్ అవుతుందో తెలుస్తుంది.

జుగులర్ ఫొరామెన్ దగ్గర ఈ మోడల్ నా మనసు దోచుకుంది, నిజంగా. కుడివైపుది పెద్దదిగా, ఎడమవైపుది చిన్నదిగా ఉంది. తెలియనివాళ్లు డిఫెక్ట్ అనుకుని రిటర్న్ పెడతారేమో, అది డిఫెక్ట్ కాదండీ, చాలామంది మనుషుల్లో అలాగే ఉంటుంది, ఎందుకంటే తల పైన మధ్యలో వెనక్కి పోయే సుపీరియర్ సాజిటల్ సైనస్ (సైనస్ అంటే ఇక్కడ సిర లాంటి కాలవ) రక్తం ఎక్కువమందిలో కుడివైపుకే తిరుగుతుంది, ఆ రక్తం అంతా సిగ్మాయిడ్ సైనస్ గుండా ఇక్కడికే చేరి ఇంటర్నల్ జుగులర్ సిరగా మారుతుంది. లోపలి వైపు ఆ సిగ్మాయిడ్ గాడి కూడా కుడివైపు లోతుగా పడింది, వేలు పెట్టి గాడి వెంట లాగితే వేలు నేరుగా రంధ్రం దగ్గరికొచ్చి ఆగుతుంది. అంటే ఈ అచ్చు నిజమైన పుర్రె మీద నుంచి తీసిందే అయ్యుండాలి, కూర్చుని బొమ్మ గీసినట్టు చేస్తే రెండు వైపులా ఒకేలా వచ్చేది. రంధ్రం ముందు భాగంలోంచి 9, 10, 11 నరాలు దిగుతాయి కదా, అక్కడ ఏదైనా గడ్డ నొక్కితే మింగడం, గొంతు, భుజం ఎగరెయ్యడం మూడూ ఒకేసారి దెబ్బతినడం ఎందుకో ఈ ఒక్క రంధ్రం చూస్తే తెలిసిపోతుంది.

హైపోగ్లోసల్ కెనాల్ కూడా రెండు వైపులా తెరుచుకునే ఉంది. ఇది ఫొరామెన్ మాగ్నమ్ పక్క గోడలో, కాండైల్‌కి కొంచెం పైన, దాక్కున్నట్టు ఉంటుంది, చవక మోడల్స్‌లో దీన్ని గుంటతో సరిపెట్టేస్తారు. ఇందులో వైరు లోపలి నుంచి పెడితే బయటికి ముందువైపు వాలుగా వచ్చింది, అలాగే రావాలి, నాలుకకి పోయే నరం అటే పోవాలి మరి. కాండైల్ వెనకాల ఉండే కాండైలార్ కెనాల్ ఒక వైపే ఉంది, రెండోవైపు మూసుకుంది. దీనికి కూడా మార్కులు తీసెయ్యక్కర్లేదు, నిజమైన పుర్రెల్లోనూ అది ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, సిర ఒకటి పోయే దారి అంతే.

ఇప్పుడు మిడిల్ క్రేనియల్ ఫోసా, అంటే పుర్రె లోపల అడుగున మధ్య గుంట. అసలు పరీక్ష ఇక్కడే.

స్ఫీనాయిడ్ ఎముక (పుర్రె అడుగున మధ్యలో రెక్కలు చాపినట్టుండేది) గ్రేటర్ వింగ్, అంటే పెద్ద రెక్క మీద ముందు నుంచి వెనక్కి, బయటికి వాలుతూ ఒక వరసలో మూడు రంధ్రాలుంటాయి, రోటండమ్, ఓవేల్, స్పైనోసమ్. ముందు ఓవేల్ గురించి. రెండు వైపులా కోడిగుడ్డు ఆకారంలో శుభ్రంగా తెరుచుకుని ఉంది, వైరు తిన్నగా కిందికి జారిపోయింది, దవడ కండరాల చోటుకి. ట్రైజెమినల్ నరం (5వది, ముఖానికి స్పర్శనిచ్చేది) మూడో శాఖ అటే పోతుంది. ముఖంలో కరెంటు కొట్టినట్టు నొప్పొచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియాకి చేసే ఒక రకం చికిత్సలో నోటి మూల పక్క నుంచి చెంపలోకి సూది గుచ్చి, ఎక్స్-రే చూసుకుంటూ ఈ ఓవేల్ లోంచే పుర్రెలోకి పోయి నరం గాంగ్లియాన్‌ని (నరకణాల ముడిని) చేరతారు. దవడ తగిలించి, మోడల్‌ని కొంచెం పైకెత్తి పట్టుకుని చెంప వైపు నుంచి వైరుతో ఆ దారి పట్టి చూడండి, ఈ మోడల్లో అది నిజంగా కుదురుతుంది. ఆ కోణం ఒకసారి చేతికి తెలిశాక ఇంక మర్చిపోరు.

స్పైనోసమ్ విషయంలో సగం మార్కులే. కుడివైపు చిన్నగా, గుండ్రంగా, అచ్చం ఉండాల్సినట్టు ఉంది. ఎడమవైపు ప్లాస్టిక్ పొర మూసేసింది, చిన్న గుంట మాత్రం మిగిలింది. సన్నటి సూది వేడి చేసి గుచ్చితే తెరుచుకుంది గానీ కొన్నవాళ్లు చెయ్యాల్సిన పనా ఇది? ఇది చిన్న రంధ్రమే కదా అని వదిలెయ్యడానికి లేదు, మిడిల్ మెనింజియల్ ధమని (మెదడు పొరలకి రక్తం ఇచ్చేది) లోపలికొచ్చే దారి ఇదే. ఒకందుకు మాత్రం మెచ్చుకోవాలి, ఈ రంధ్రం నుంచి మొదలై టెంపోరల్ ఎముక లోపలి గోడ మీద పైకి పాకే గాడి చాలా లోతుగా, కొమ్మలతో సహా పడింది. ఎర్ర దారం తీసుకుని ఒక చివర స్పైనోసమ్ లోంచి పైకి లాగి, మిగతాది ఆ గాడిలో అంటించుకుంటూ పోండి. ముందు కొమ్మ వెళ్లి టీరియాన్ దగ్గరికి చేరుతుంది, పుర్రె బాగా పల్చగా ఉండే చోటు. కణత మీద దెబ్బ తగిలితే ఎముక విరిగి ఆ ధమని చిరిగి ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా (పుర్రెకీ మెదడు పై పొరకీ మధ్య రక్తం గడ్డ) ఎందుకొస్తుందో, పేషెంటు కాసేపు బానే మాట్లాడి తర్వాత ఒక్కసారిగా ఎందుకు పడిపోతాడో, పేజీలు పేజీలు చదివినదానికన్నా ఆ దారం ముక్క ఎక్కువ చెప్తుంది. టోపీ లోపలివైపు కూడా గాడి కలిసేలా వచ్చింది, అడుగు భాగంలో ఆగిన దారం టోపీలో అదే చోట నుంచి మొదలవుతుంది, ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్లు ఆ ఎడమవైపు పొర ఒక్కటి తీసేసి పంపించుంటే ఎంత బాగుండేది.

రోటండమ్ దగ్గర మాత్రం నాకు నిజంగా కోపమొచ్చింది. రోటండమ్ కిందికి పోదు, ముందుకి పోతుంది. పుర్రెని తిరగేసి కింద నుంచి చూస్తే ఓవేల్, స్పైనోసమ్ కనపడతాయి గానీ రోటండమ్ కనపడదు, ఎందుకంటే అది టెరిగోపాలటైన్ ఫోసాలోకి (పై దవడ వెనకున్న చిన్న గుంటలోకి) తెరుచుకుంటుంది, దాన్ని చూడాలంటే పక్క నుంచి, పై దవడ ఎముకకీ టెరిగాయిడ్ ప్లేటుకీ మధ్యున్న సందులోంచి తొంగి చూడాలి. కుడివైపు వైరు పెడితే కరెక్టుగా అక్కడే తేలింది, సంతోషం. ఎడమవైపు పెడితే వైరు కిందికి దిగి ఓవేల్ పక్కన బయటికొచ్చింది! అంటే అచ్చులో అది మూసుకుపోయుంటే తర్వాత ఎవరో డ్రిల్లు పట్టుకుని పై నుంచి నిలువుగా బెజ్జం కొట్టారన్నమాట. అంచులు చూస్తే కూడా తెలుస్తుంది, మిగతా రంధ్రాల అంచులు నున్నగా ఉంటే ఇది గరుకుగా ఉంది. రంధ్రం లేకపోయినా ఇంత నష్టం లేదు, తప్పు దారి చూపించే రంధ్రం అంతకన్నా చేటు. రోటండమ్ లోంచి పోయే మాక్సిలరీ నరం (ట్రైజెమినల్ రెండో శాఖ) ఆ ఫోసాలోకి ముందుకెళ్లి, అక్కడి నుంచి ఇన్‌ఫ్రాఆర్బిటల్ గాడిలో దూరి, చివరికి కంటి కింద చెంప మీద తేలుతుంది, ఈ మోడల్ ఎడమవైపు చూసి నేర్చుకున్న స్టూడెంట్‌కి ఆ నరం దవడ దగ్గరెక్కడో వేలాడుతుంది.

కారోటిడ్ కెనాల్ (మెదడుకి రక్తం తెచ్చే ఇంటర్నల్ కారోటిడ్ ధమని దారి) సంగతి కూడా ఇంచుమించు అంతే. కింద నుంచి చూస్తే పెట్రస్ ఎముక (టెంపోరల్ ఎముకలో చెవి లోపలి భాగాలుండే గట్టి ముక్క) మీద పెద్ద గుండ్రటి నోరు ఉంది, చూడ్డానికి బ్రహ్మాండం, వైరు పెడితే కాస్త పోయి గోడకి గుద్దుకుంది. నిజమైన ఎముకలో ఆ దారి ముందు నిలువుగా పైకెళ్లి, తర్వాత దాదాపు లంబకోణంలో తిరిగి ముందుకి, మధ్యకి పోయి పెట్రస్ కొసన తెరుచుకుంటుంది. వంపు తిరిగే దారిని మామూలు అచ్చులో పోతపోయడం కష్టమని నాకూ తెలుసు, లోపలి ముక్కని బయటికి లాగలేరు. ఆ ఒక్క చోట ఎముకని విడిగా చేసి అతికించే మోడల్స్ ఉన్నాయి, అవి వేరే స్థాయి సరుకు. ఈ మోడల్లో అది ఆశించకూడదేమో, కనీసం లోపలి నోరు కూడా ఒక గుంటలా చూపించుంటే ఇక్కడ దూరింది అక్కడ వస్తుంది అని చెప్పుకోడానికి వీలుండేది, లోపలివైపు అసలు ఏమీ లేదు, నున్నటి గోడ.

దీనికి తోడు పెట్రస్ కొస పక్కనుండే ఫొరామెన్ లాసెరమ్ పెద్దగా, చూడగానే కంటికి ఆనేలా బార్లా తెరుచుకుని ఉంది. అందులో తప్పు లేదు, ఎండిన పుర్రెలో అలాగే ఉంటుంది. బతికున్న మనిషిలో దాని కింది భాగం కార్టిలేజ్‌తో పూడిపోయి ఉంటుంది, ఇంటర్నల్ కారోటిడ్ దాని పైభాగం మీదుగా దాటిపోతుందే తప్ప కింద నుంచి పైకి దాని గుండా రాదు. మరి మోడల్‌తో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఏం రాశారో తెలుసా? లాసెరమ్ నంబరు పక్కన ఇంటర్నల్ కారోటిడ్ ధమని దీని గుండా పుర్రెలోకి ప్రవేశిస్తుంది అని రాశారు! అసలు కారోటిడ్ కెనాలేమో మూసుకుని ఉంది, లాసెరమేమో తెరుచుకుని ఉంది, పుస్తకమేమో లాసెరమ్ అంటుంది, ఇంక పాపం ఫస్టియర్ పిల్లలు దేన్ని నమ్మాలి? మా స్టూడెంట్స్‌లో ఒకమ్మాయి వైరు పట్టుకుని లాసెరమ్ లోంచి పైకి లాగి చూపిస్తూ "మేడం, ఇది ఇంత ఈజీగా పోతోంది కదా, మరి కారోటిడ్‌కి ఆ వంపు దారెందుకు" అనడిగింది. చాలా మంచి ప్రశ్న. ఎండిన ఎముకలో కనపడే ఖాళీ అంతా బతికున్న మనిషిలో ఖాళీ కాదు అని చెప్పడానికి నాకు అవకాశం దొరికింది, నేను లాసెరమ్ కింది భాగంలో మైనం ముద్ద పెట్టి పూడ్చేశా, ఇప్పుడు మోడల్ నిజానికి దగ్గరగా ఉంది. మీరు కొన్నా ఆ పనే చెయ్యండి.

పుస్తకంలో ఇంకో లోటు, ఫేషియల్ నరాన్ని (7వది, ముఖం కండరాలకి పోయేది) ఇంటర్నల్ ఎకౌస్టిక్ మియేటస్ (అది ఎముకలోకి దూరే రంధ్రం) దగ్గర ఒక్కసారి రాసి ఊరుకున్నారు, అది బయటికొచ్చే స్టైలోమాస్టాయిడ్ ఫొరామెన్ పేరు లిస్టులోనే లేదు. ఎముకలో ఇంత పొడుగు దారి ఉన్న క్రేనియల్ నరం ఇంకోటి లేదు, అలాంటిదానికి మొదలు చెప్పి చివర చెప్పకపోతే ఎలా? బెల్స్ పాల్సీలో నరం వాచితే ఆ ఇరుకు గొట్టంలో దానికి చోటు చాలదు, ముఖం ఒక పక్క పడిపోతుంది. మోడల్లో మాత్రం స్టైలోమాస్టాయిడ్ బానే పెట్టారు, స్టైలాయిడ్ మొనకీ మాస్టాయిడ్ బుడిపెకీ సరిగ్గా మధ్యలో చిన్న బెజ్జం, పైకి పెద్ద దూరం పోదు గానీ చోటు కరెక్టు. పసిపిల్లల్లో మాస్టాయిడ్ బుడిపె ఇంకా పెరగదు కాబట్టి ఆ రంధ్రం పైపైనే ఉంటుంది, అందుకే కాన్పులో ఫోర్సెప్స్ వాడితే ఫేషియల్ నరానికి దెబ్బ తగిలే భయం. పెద్దవాళ్ల పుర్రెలో ఇది చూపించలేం, అలా అని తెలుసుకుని ఉండటం మంచిది.

ఇంటర్నల్ ఎకౌస్టిక్ మియేటస్ గురించి ఒక రివ్యూలో లోపలికి మూసుకుపోయింది, వేస్ట్ అని రాశారు. అది న్యాయం కాదు. అది నిజమైన ఎముకలో కూడా 1 సెంటీమీటర్ దాకా పోయి ఒక పల్చటి ఎముక పలక దగ్గర ఆగుతుంది, ఆ పలకలో ఉన్న బెజ్జాల్లోంచి 7, 8 నరాల పోగులు విడివిడిగా దూరతాయి, కళ్లతో చూస్తే గుంటలాగే ఉంటుంది. మోడల్ ఇక్కడ కరెక్టే.

ఎథ్మాయిడ్ ఎముక క్రిబ్రిఫార్మ్ ప్లేట్ (ముక్కు పైకప్పులా ఉండే జల్లెడ పలక) మాత్రం నిరాశే. మధ్యలో క్రిస్టా గల్లీ కోడిజుట్టులా నిలబడి బాగుంది, దానికి రెండు పక్కలా జల్లెడలా బెజ్జాలుండాలి, ఇక్కడ సూది మొనతో గుచ్చినట్టు చుక్కలు పెట్టి నల్లరంగు పూశారు. పై నుంచి టార్చ్ వేస్తే ముక్కు రంధ్రాల్లోంచి వెలుగు రవ్వంత కూడా రాలేదు. వాసన నరాల పోగులు దిగేది అక్కడే, తలకి దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి వాసన పోవడం, ముక్కులోంచి నీళ్లలా మెదడు ద్రవం కారడం, ఇవన్నీ ఆ ప్లేటు ఎంత పల్చనో చూపిస్తేనే అర్థమవుతాయి. అన్ని బెజ్జాలూ అక్కర్లేదు, నాలుగైదు నిజంగా తెరిచినా చాలు. నల్లరంగు పూసి రంధ్రం అనిపించడం నాకు అస్సలు నచ్చదు.

కంటిగూట్లో పని బాగుంది. ఆప్టిక్ కెనాల్, సుపీరియర్ ఆర్బిటల్ ఫిషర్ రెండూ విడివిడిగా, మధ్యలో సన్నటి ఎముక స్తంభంతో సహా వచ్చాయి. లోపలి నుంచి టార్చ్ వేసి ముందు నుంచి కంటిగూట్లోకి చూస్తే మధ్య వైపు చిన్న గుండ్రటి వెలుగు ఒకటి, దాని పక్కన బయటివైపు వాలుగా పొడుగాటి వెలుగు ఒకటి కనపడతాయి. గుండ్రటిదాంట్లో చూపు నరం, ఆఫ్తాల్మిక్ ధమని. పొడుగాటిదాంట్లో కన్ను తిప్పే 3, 4, 6 నరాలు, నుదుటికి పోయే శాఖలు, సుపీరియర్ ఆఫ్తాల్మిక్ సిర. కన్ను కదలదు, నుదురు మొద్దుబారింది, చూపు మాత్రం బానే ఉంది అంటే తేడా ఎక్కడుందో ఆ రెండు వెలుగులు చూసి చెప్పెయ్యొచ్చు. కింద ఇన్‌ఫీరియర్ ఆర్బిటల్ ఫిషర్ కూడా తెరిచే ఉంది, అందులోంచి మొదలైన గాడి ముందుకి పోయి ఎముకలో దూరి కంటిగూడు అంచుకి 1 సెంటీమీటర్ లోపే కిందున్న ఇన్‌ఫ్రాఆర్బిటల్ ఫొరామెన్‌గా చెంప మీద తేలింది, వైరు మొత్తం దూరం పోయింది, సంతోషమేసింది. కనుబొమ్మ దగ్గర సుప్రాఆర్బిటల్ ఒక పక్క నాచ్‌లా, ఇంకో పక్క పూర్తి రంధ్రంలా ఉంది, మనుషుల్లోనూ రెండు రకాలూ ఉంటాయి.

కింది దవడ విషయంలో డెంటల్ వాళ్లు జాగ్రత్త. రేమస్ (దవడ వెనక నిలువుగా లేచే భాగం) లోపలి వైపు మాండిబ్యులర్ ఫొరామెన్, దాని ముందు నాలుకలా నిలబడే లింగ్యులా, రెండూ చాలా బాగున్నాయి. బయట మెంటల్ ఫొరామెన్ కూడా రెండో ప్రీమోలార్ కింద సరైన చోటే ఉంది. కానీ రెంటికీ మధ్య దారే లేదు, అటు నుంచి కాస్త, ఇటు నుంచి కాస్త గుంట, మధ్యలో గట్టి ప్లాస్టిక్. కింది పళ్లకి మత్తిచ్చేటప్పుడు సూది ఆ మాండిబ్యులర్ ఫొరామెన్ దగ్గర మందు వదులుతుంది, పళ్లతో పాటు కింది పెదవి, గడ్డం కూడా మొద్దుబారతాయి, ఎందుకంటే అదే నరం ఎముక లోపలి కాలవలో పళ్ల వేర్ల కింద నుంచి ముందుకొచ్చి దాని శాఖ మెంటల్ ఫొరామెన్ లోంచి పెదవికి పోతుంది. మత్తు ఎక్కిందా లేదా అని పెదవిని అడిగి తెలుసుకోవడానికి కారణం ఆ కాలవే. అది లేని దవడతో ఈ సంగతి చెప్పాలంటే మళ్లీ బొమ్మ గియ్యాల్సిందే. దవడ ఒక వైపు కిటికీలా కోసి లోపలి కాలవ చూపించే మోడల్స్ దొరుకుతాయి, డెంటల్ వాళ్లు అదే తీసుకోండి. ఇంకోటి, పళ్లు ఊడిన ముసలివాళ్లలో దవడ పైభాగం అరిగిపోయి మెంటల్ ఫొరామెన్ పై అంచుకి దగ్గరవుతుంది, కట్టుడు పళ్లు అక్కడ నొక్కితే నొప్పి. ఈ మోడల్‌కి పళ్లన్నీ ఉన్నాయి కాబట్టి అది కనపడదు.

అంగిలి మీద గ్రేటర్ పాలటైన్, ముందు పళ్ల వెనక ఇన్సైసివ్, రెండూ ఉన్నాయి, ఫర్వాలేదు. పైన టోపీ మీద పెరైటల్ ఫొరామెన్లు పెట్టలేదు, అవి అందరిలోనూ ఉండవు గనక వదిలేద్దాం.

దీంతో పాటు మెడ వెన్నుపూసల సెట్ ఒకటి విడిగా తీసుకున్నా, అది అంత బాలేదు. మెడ పూసలకి రెండు పక్కలా అడ్డ రంధ్రాలుంటాయి కదా, వెర్టిబ్రల్ ధమని సాధారణంగా 6వ పూస రంధ్రంలో దూరి 1వ పూస దాకా ఎక్కి, అట్లాస్ (అదే 1వ పూస) వెనక భాగం మీద గాడిలో మెలిక తిరిగి ఫొరామెన్ మాగ్నమ్ లోకి పోతుంది, 7వ పూస రంధ్రంలోంచి ధమని పోదు, చిన్న సిరలే పోతాయి, అందుకే అది చిన్నదిగా ఉంటుంది. ఇందులో ఏడు పూసలకీ ఒకే సైజు బెజ్జాలు పెట్టేశారు. అట్లాస్ మీద గాడి మాత్రం ఉంది. స్కల్‌ని ఈ పూసలతో కలిపి స్టాండ్ మీద నిలబెట్టిన మోడల్ కూడా అమ్ముతారు, అది తీసుకోవద్దు, స్టాండ్ రాడ్డు వెన్ను కాలవ గుండా ఫొరామెన్ మాగ్నమ్ లోకే పోతుంది, చూడాల్సిన చోటే అడ్డం.

గుండె మోడల్ కూడా అదే సెట్‌లో వచ్చింది, రెండు భాగాలుగా తెరుచుకుంటుంది. రంధ్రాల లెక్కలో చెప్పాలంటే కుడి ఏట్రియమ్ (గుండె పై గది) లోపలి గోడ మీద ఫోసా ఓవాలిస్ గుంట స్పష్టంగా, పై అంచు ఉబ్బుతో సహా ఉంది. కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులు ఇంకా పని చెయ్యవు కాబట్టి రక్తం కుడి నుంచి ఎడమకి ఆ చోటే దాటుతుంది, పుట్టి ఊపిరి పీల్చగానే ఎడమవైపు ఒత్తిడి పెరిగి తలుపు మూసుకుంటుంది. అయినా పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి అది పూర్తిగా అతుక్కోదు, చాలామందికి ఆ సంగతే తెలియకుండా జీవితం గడిచిపోతుంది. కరోనరీ సైనస్ నోరు ఇన్‌ఫీరియర్ వీనా కావా నోటికీ ట్రైకస్పిడ్ వాల్వ్‌కీ మధ్యలో పెట్టారు, కరెక్ట్. ఎడమ ఏట్రియమ్‌లోకి వచ్చే నాలుగు పల్మనరీ సిరలూ తెరుచుకునే ఉన్నాయి. ఎముక మోడల్ కన్నా గుండె మోడల్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టినట్టున్నారు.

నిజమైన పుర్రెలు కాలేజీలో ఉంటాయి కదా, ఇదెందుకు అంటారేమో. నిజమైనదానికి ఏదీ సాటి రాదు, ఒప్పుకుంటా. కానీ అందులో వైరు పెట్టి ఆడించకూడదు, కంటిగూడు లోపలి గోడ కాగితమంత పల్చన, క్రిబ్రిఫార్మ్ ప్లేటు ఒక్కసారి విరిగితే ఇంక అంతే, పైగా అది ఒక మనిషిది, దానికి ఇవ్వాల్సిన మర్యాద వేరు. ఫోన్ యాప్‌లలో త్రీడీ స్కల్ తిప్పి చూడొచ్చు, పేర్లు నేర్చుకోడానికి మంచివే, చేతికి కోణం మాత్రం నేర్పవు. సీటీ స్కాన్ నుంచి త్రీడీ ప్రింట్ చేసిన స్కల్ దొరికితే మాత్రం ఆలోచించండి, వంపు కాలవలు అచ్చులో రాకపోయినా ప్రింట్‌లో వస్తాయి, స్కాన్ పొరలు సన్నగా తీసి, లోపల ఇరుక్కున్న పొడి శుభ్రం చేసి ఇచ్చుంటే కారోటిడ్ కెనాల్ కూడా ఆ చివర నుంచి ఈ చివర దాకా పోతుంది.

రేటింగ్ ఇవ్వాలంటే 5కి 3. వెనక భాగం, కంటిగూడు, మెనింజియల్ గాడి 4 దాకా వస్తాయి, ఎడమ రోటండమ్, ఆ పుస్తకం కిందికి లాగేశాయి. ఫస్టియర్ మెడికల్, ఫిజియో, నర్సింగ్ వాళ్లకి పనికొస్తుంది, పుస్తకం పక్కన పెట్టి మంచి టెక్స్ట్‌బుక్ దగ్గరుంచుకుంటే. డెంటల్ వాళ్లకి వద్దు.

ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాళ్లని మూడు ఫోటోలు అడగండి, ఇవ్వకపోతే కొనొద్దు. ఒకటి తిరగేసిన అడుగు భాగం, ఓవేల్, స్పైనోసమ్ రెండు వైపులా తెరుచుకున్నాయా చూడ్డానికి. రెండోది టోపీ తీసి పై నుంచి, వెనక లైటు పెట్టి, ఎక్కడెక్కడ వెలుగొస్తుందో తెలియడానికి. మూడోది పక్క నుంచి, రోటండమ్‌లో పెట్టిన వైరు చివర టెరిగోపాలటైన్ సందులో కనపడాలి, ఎడమా కుడీ రెండూ కావాలని గట్టిగా చెప్పండి, ఒక్క వైపే పంపిస్తే రెండోవైపు కూడా అడగండి.